గోదావరి గులకల్లో ఏది మిగులుతుంది, ఎందుకు మిగులుతుంది

చాలా తెలుగిళ్లలో దేవుడి గూట్లో పూజలందుకునే సాలగ్రామం ఏటి గులకల్లోంచి ఏరిన శిలాజం. నేపాల్‌లో ముక్తినాథ్ చుట్టుపక్కల కాళీగండకి నది నల్లటి బురదరాతి పొరలను కోసుకుంటూ పారుతుంది. అవి జురాసిక్ కాలపు సముద్రం అడుగున ఏర్పడ్డ పొరలు. ఆ సముద్రంలో బతికిన అమ్మోనైట్ అనే జీవి గుల్ల చుట్టూ ఖనిజాలు పేరుకుని గట్టి ఉండలు కట్టాయి. చుట్టూ ఉన్న బురదరాయి వరదలకు నలిగి ఒండ్రులో కలిసిపోతుంది. ఉండ మాత్రం దొర్లి దొర్లి నునుపుతేలి ఒడ్డున పడుతుంది. అది పగిలినచోట కనిపించే చక్రం ఆ గుల్ల చుట్లే.

గులకల్లో రాళ్లూ శిలాజాలూ వెతకడానికి పనికొచ్చే అసలు సంగతి ఇందులోనే ఉంది. ఏటి మేట మీద కనిపించే ప్రతి రాయీ అరుగుదలను తట్టుకుని మిగిలినదే. అలా మిగలడానికి రెండే దారులు. ఎంత దూరం దొర్లినా అరగనంత గట్టిదైనా అయి ఉండాలి, అరిగిపోయేలోగా చేరేంత దగ్గర నుంచైనా వచ్చి ఉండాలి. ఈ ప్రశ్న వేసుకోకుండా బయల్దేరినవాళ్లు భద్రాచలం దగ్గర డైనోసార్ ఎముకల కోసం, ధవళేశ్వరం దిగువన అగేట్లనే పట్టీల రంగురాళ్ల కోసం వెతికి ఖాళీ చేతులతో తిరిగొస్తారు.

నది మోసుకొచ్చే సరుకు

గోదావరి నాసిక్ దగ్గరి త్ర్యంబకేశ్వరంలో పుట్టి 1,465 కిలోమీటర్లు పారుతుంది. మహారాష్ట్రలో దాని దారిలో ఎక్కువ భాగం దక్కన్ లావా పీఠభూమే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొరలు పొరలుగా పరుచుకున్న బసాల్ట్ అది. లావా చల్లబడేటప్పుడు చిక్కుకుపోయిన వాయువు బుడగలు తొర్రలుగా మిగిలాయి. ఆ తొర్రల్లోకి సిలికా కలిసిన నీరు ఊరి, అగేట్, కాల్సెడొనీ, జాస్పర్, పలుగు స్ఫటికాలు, జియోలైట్లు ఏర్పడ్డాయి. బసాల్ట్ కాలక్రమంలో కుళ్లి నల్లరేగడి అవుతుంది. అగేట్ కుళ్లదు. ఖనిజాల గట్టితనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో దాని స్థానం 6.5 నుంచి 7. పైగా దానిలో చీలే తలాలు లేవు, కాబట్టి దెబ్బ తిన్నా ముక్కలు కాకుండా అంచులు మాత్రమే చిట్లుతుంది. జియోలైట్లు పుట్టిన తొర్రలో ఎంత అందంగా ఉన్నా 3.5 నుంచి 5.5 గట్టితనంతో, సులువుగా చీలే గుణంతో నదిలో కొద్ది దూరానికే పొడైపోతాయి. గులకల్లో జియోలైట్ దొరికిందని ఎవరైనా అంటే అది పాలపలుగు ముక్క కావడానికే అవకాశం ఎక్కువ.

కందకుర్తి దగ్గర మంజీరా కలుస్తుంది. అదీ లావా నేల మీదుగా వచ్చినదే కాబట్టి అగేట్లను తెస్తుంది. అక్కడి నుంచి దిగువకు గ్రానైటు నేల మొదలై గులకల్లో గులాబీరంగు ఫెల్డ్‌స్పార్, తెల్ల పలుగురాయి పెరుగుతాయి. మంచిర్యాల ప్రాంతానికి వచ్చేసరికి నేల పూర్తిగా మారుతుంది. సింగరేణి బొగ్గును దాచుకున్న గోండ్వానా పొరలు ఇక్కడివే. బొగ్గు పొరల పైన ట్రయాసిక్, జురాసిక్ కాలాల ఎర్రబంకమట్టి, ఇసుకరాయి, సున్నపురాయి పొరలున్నాయి. ప్రాణహిత, గోదావరి లోయలో బయటపడిన పెద్ద శాకాహార డైనోసార్ బారాపాసారస్ అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్‌ను హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో చూడొచ్చు. రెండూ కోట అనే ఊరి పేరు పెట్టిన జురాసిక్ పొరల నుంచి వచ్చినవే.

అయినా ఆ ఎముకలు గోదావరి మేటల మీద కనిపించవు. బంకమట్టిలోంచి బయటపడిన ఎముక ఒకటి రెండు వానాకాలాలకే నెర్రెలిచ్చి, వాగులోకి జారేసరికి పెంకులుగా విడిపోతుంది. పొర బయటపడిన చోటికి కొద్ది కిలోమీటర్ల లోపు వాగుల్లో తప్ప దాని జాడ ఉండదు. కోట పొరల సున్నపురాతిలోని చేపల పొలుసులదీ అదే కథ. సున్నపురాతి గట్టితనం 3 మాత్రమే. నది అడుగున దొర్లితే అది ఎంతో దూరం రాదు.

రాతిగా మారిన చెక్క మాత్రం వస్తుంది. దుంగలోకి సిలికా ఊరి కణం కణం గట్టిపడింది కాబట్టి అది ఆకారంలో చెక్క, గుణంలో పలుగురాయి. మహారాష్ట్రలోని సిరోంచ తాలూకా వడధంలో ఇలాంటి శిలాజ వృక్షాల కోసం ఒక పార్కే ఉంది. ప్రాణహిత కలిసే కాళేశ్వరం నుంచి దిగువకు గులకల్లో గోధుమ, నలుపు, పాలతెలుపు రంగుల్లో రాతిచెక్క కనిపించడానికి కారణం ఈ పొరలే. గోదావరి వేటలో సామాన్యుడికి చిక్కే నిజమైన శిలాజం ఇదొక్కటే అనుకున్నా తప్పులేదు.

పాపికొండల్లో తూర్పు కనుమల ఖోండలైటు, చార్నోకైటు రాళ్లు అడ్డొస్తాయి. ఖోండలైటులో గార్నెట్లనే ఎర్రటి, బరువైన ఖనిజాలు మెండు. కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గుట్ట గార్నెట్లకు పాతకాలం నుంచి పేరుంది, ఆ చుట్టుపక్కల వాగుల ఇసుక ఎర్రగా మెరవడం వాటివల్లే. రాజమహేంద్రవరం ప్రాంతంలో మళ్లీ ఒక చిన్న మార్పు వస్తుంది. పంగిడి, కాతేరుల దగ్గర దక్కన్ లావా కాలపు బసాల్ట్ తునక, దాని పొరల మధ్య నత్తగుల్లలున్న సున్నపురాయి ఉన్నాయి. ధవళేశ్వరం దాటాక డెల్టా మొదలవుతుంది. వాలు లేని నీటికి గులకను దొర్లించే బలం ఉండదు, ఇసుకా ఒండ్రూ తప్ప ఏమీ రావు.

పెన్నా పరీవాహకంలో ఇంతకన్నా పాత శిలాజాలున్నాయి. పాపాఘ్ని నది కోసే వేంపల్లె పొరల్లో స్ట్రోమటోలైట్లు కనిపిస్తాయి. లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవుల చాపలు పొరల మీద పొరలుగా కట్టిన గుమ్మటాలు అవి. వయసు 180 కోట్ల ఏళ్ల పైమాటే. సున్నపురాయిలాంటి డోలమైటులో ఉన్నవి ఏట్లో ఎక్కువ దూరం రావు, చెర్టు అనే గట్టి సిలికా రాయిగా మారినవి నిలుస్తాయి. ఉల్లిపాయను నిలువునా కోసినట్టు, ఒకే వైపుకు ఉబ్బిన పొరలు దీని గుర్తు.

ఏ మేట మీదైనా మొదటి అరగంట ఏరకుండా లెక్కపెట్టడం మేలు. మీటరు చదరంలో 3 నుంచి 6 సెంటీమీటర్ల రాళ్లు 100 తీసి కుప్పలుగా విడదీయాలి: పలుగు, బసాల్ట్, గ్రానైటు, ఇసుకరాయి, అగేట్ జాతి, రాతిచెక్క, మిగతావి. చేత్తో తీసేటప్పుడు కన్ను రంగు రాళ్ల మీదికే పోతుంది. అలా ఎంచితే లెక్క చెడుతుంది. ఆ చదరంలో ఒక మూల నుంచి వరుసగా, వేలికి తగిలిన రాయినల్లా తీయాలి. ఉపనది కలిసే చోటికి ఎగువన ఒక లెక్క, దిగువన ఒక లెక్క, ఉపనదిలో ఒక లెక్క వేస్తే ఏ రాయి ఎటునుంచి వస్తోందో తేలుతుంది. రాతిచెక్క ఉపనదిలో 100కు 4 ఉండి ప్రధాన నది ఎగువన సున్నా అయితే వెళ్లాల్సిన దారి ఉపనది వెంటే. ఎగువకు నడిచేకొద్దీ ముక్కల అంచులు పదునెక్కుతూ, సైజు పెరుగుతూ ఉంటే మూలం దగ్గరవుతున్నట్టు. ఒక్కసారిగా ముక్కలు కనిపించడం మానేస్తే దాన్ని దాటి వచ్చేసినట్టు.

మేట మీద ఎక్కడ చూడాలి

గోదావరికి వరద కాలం జూలై నుంచి అక్టోబరు. నవంబరు నుంచి చిన్న వాగులు, ఫిబ్రవరి నుంచి పెద్ద నది మేటలు బయటపడతాయి. వరద తీసిన వెంటనే రాళ్ల మీద సన్నటి ఒండ్రు పూత ఉంటుంది, అన్నీ ఒకే బూడిద రంగులో కనిపిస్తాయి. ఒక చిరుజల్లు పడి ఆ పూత కడిగిన మర్నాడు వెళ్తే సగం పని వానే చేసి పెడుతుంది.

ప్రతి గులక మేటకూ తల, తోక ఉంటాయి. ఎగువ కొసన తల. అక్కడ తలకాయలంత బండరాళ్లుంటాయి. దిగువకు పోయేకొద్దీ రాళ్లు చిన్నవవుతూ తోక దగ్గర ఇసుకలో కలిసిపోతాయి. మధ్య భాగంలో నిమ్మకాయ సైజు నుంచి రూపాయి బిళ్ల సైజు వరకు ఉన్న పట్టీలోనే అగేట్లూ రాతిచెక్కా ఎక్కువ. ప్రవాహం దిక్కు తెలియని పాత మేటల్లో చపటా రాళ్లను చూస్తే చాలు. అవి ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగి, ఎగువ వైపుకు వాలి ఉంటాయి.

మేట పైపొర ఎప్పుడూ మోసం చేస్తుంది. వరద తగ్గేటప్పుడు చిన్న రాళ్లను, ఇసుకను నీరు ఏరుకుపోయి పెద్ద రాళ్లను కవచంలా మిగులుస్తుంది. పైన పిడికిలంత రాళ్లే కనిపించిన చోట ఆ ఒక్క పొర చేత్తో తొలగిస్తే కింద గోళీ సైజు రాళ్లు దొరుకుతాయి. బరువైనవి ఇంకా లోతుకు దిగుతాయి. గులకల అడుగున బండ గానీ బంకమట్టి గానీ తగిలే చోట, ప్రవాహానికి అడ్డంగా ఉన్న బండ పగుళ్లలో, వంపు లోపలి ఒడ్డున నల్ల ఇసుక చారలు కనిపిస్తే అక్కడ బరువు ఖనిజాలు పోగుపడినట్టు. ఆ నలుపు మాగ్నటైటు, ఇల్మనైటు. చిన్న అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇసుక మీద తిప్పితే మాగ్నటైటు అతుక్కుంటుంది. సంచి తిరగేసి అయస్కాంతం బయటికి లాగితే రాలిపోతుంది.

ఆనకట్టలు ఈ లెక్కలన్నీ మార్చేశాయి. జలాశయం గులకను పట్టేసుకుంటుంది. దిగువకు వెళ్లే నీరు ఉన్న చిన్న రాళ్లను తోసుకుపోతుంది గానీ కొత్తవి తేదు. మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల బ్యారేజీల వెనక నీరు నిలిపిన ఏళ్లలో ఒకప్పటి మేటలు మునిగిపోయాయి. అందుకే ప్రధాన నది కన్నా ప్రాణహిత, ఇంద్రావతి, తాలిపేరు, శబరి వంటి ఉపనదుల మేటలు వెతకడానికి బాగుంటాయి.

వెలుతురు సంగతి చాలామంది పట్టించుకోరు. అగేట్, కాల్సెడొనీ వెలుగును లోనికి తీసుకునే రాళ్లు. ఉదయం 9 లోపు, సాయంత్రం 4 తర్వాత సూర్యుడికి ఎదురుగా నడిస్తే అవి దీపంలా మెరుస్తాయి, పక్కనున్న పలుగురాయి తెల్లగానే ఉంటుంది. రాతిచెక్క గీతలు, స్ట్రోమటోలైటు పొరలు కనిపించాలంటే మాత్రం సూర్యుడు వీపు వెనక ఉండాలి. ఒకే పట్టీని వెళ్లేటప్పుడు ఒక దిక్కున, వచ్చేటప్పుడు ఇంకో దిక్కున చూస్తే రెండూ దక్కుతాయి. నీటి అంచున తడిగా ఉండే మీటరు వెడల్పు పట్టీలో రంగులు బాగా తేలతాయి. ఎండిన మేట మీద మొక్కలకు నీళ్లు చిమ్మే స్ప్రే సీసా చాలు. ఒకేసారి అన్నిటికోసం వెతికితే కన్ను దేన్నీ పట్టుకోదు. ఈ గంట రాతిచెక్క, వచ్చే గంట అగేట్ అని విడదీసుకోవాలి.

జల్లెడ పని

గార్నెట్ల వంటి చిన్న, బరువైన వాటికి నడక చాలదు. 12, 4, 2 మిల్లీమీటర్ల కన్నాలున్న మూడు జల్లెడలు, 10 లీటర్ల బకెట్టు, ఒక గోనెపట్టా కావాలి. బకెట్టులో సగం గులక వేసి, నీళ్లు పోసి, బంకమట్టి గడ్డలన్నీ చేత్తో నలిపి కరిగించాలి. ఈ పని వదిలేస్తే గడ్డల్లో చిక్కుకున్న చిన్న రాళ్లు 12 మిల్లీమీటర్ల జల్లెడ మీదే ఉండిపోయి పారబోతలో పోతాయి.

4 మిల్లీమీటర్ల జల్లెడను మూడో వంతుకు మించి నింపకుండా నీళ్లలో ముంచి, పైకీ కిందికీ గట్టిగా కుదుపుతూ మధ్య మధ్యలో అటూ ఇటూ తిప్పాలి. కిందికి నొక్కినప్పుడు రాళ్లు ఒక్క క్షణం తేలి, మళ్లీ కూర్చుంటాయి. బరువైనవి ముందు కూర్చుంటాయి. పలుగురాతి సాంద్రత 2.65, గార్నెట్‌ది 3.5 నుంచి 4.3, కెంపు, నీలం జాతి ఖనిజమైన కురువిందానిది 4. ఇరవై ముప్ఫై కుదుపులకు బరువైనవి జల్లెడ అడుగున నడిమధ్యకు చేరతాయి. గోనెపట్టా మీద ఒక్క విసురుతో బోర్లిస్తే అడుగు పైకి వస్తుంది, మధ్యలో గుండ్రటి ముదురు మచ్చ కనిపిస్తుంది. చూడాల్సింది ఆ మచ్చనే.

మచ్చ రాకపోతే కారణాలు మూడు. జల్లెడ నిండా పోసి ఉంటారు, రాళ్లు తేలడానికి చోటు ఉండదు. లేదా సైజులు విడదీయకుండా కలిపి ఉంటారు. పెద్ద పలుగురాయి, చిన్న గార్నెట్ దాదాపు ఒకే వేగంతో మునుగుతాయి కాబట్టి సైజు సమంగా లేనిదే సాంద్రత పని చేయదు. మూడోది, బోర్లించేటప్పుడు తటపటాయించడం. మెల్లగా ఒంపితే మధ్యలో పేరుకున్నదంతా చెదిరిపోతుంది.

కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రాల గనులు నడిచిందీ ఇదే భౌతికశాస్త్రం మీద. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే అక్కడికి వచ్చి, గులక మట్టిని నీళ్లతో కడిగి, ఆరబెట్టి, చెరిగి వజ్రాలు ఏరే పద్ధతిని రాసిపెట్టాడు. ఆ నేల ఇప్పుడు పులిచింతల జలాశయంలో ఉంది. తొలకరికి కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జరిగే వజ్రాల వేటకూ మూలసూత్రం అదే, వాన మట్టిని కడిగి గట్టిదాన్ని మిగులుస్తుంది. ఒక అపోహ వల్ల మాత్రం నష్టం జరుగుతుంటుంది. వజ్రమైతే సుత్తి దెబ్బకు పగలదని నమ్మి కొట్టి చూస్తారు. వజ్రం గట్టితనం 10, అంటే దాన్ని గీయడం కష్టం. కానీ దానికి నాలుగు దిక్కుల చీలే తలాలున్నాయి, ఒక్క దెబ్బకు ముక్కలవుతుంది.

పొరపాటు పడే చోట్లు

చేతిలోకి వచ్చిన రాయి ఏదో తేల్చడమే కష్టమైన భాగం. దానికి పది రెట్లు పెద్దగా చూపే లెన్సు, గాజుముక్క, మొబైల్ టార్చి, నిమ్మకాయ, చిన్న నీళ్ల సీసా ఉంటే చాలు.

అగేట్ పైతొక్క నిమ్మతొక్కలా చిన్న చిన్న గుంటలతో ఉంటుంది. బుడగ గోడకు అంటుకుని పెరిగిన గుర్తులవి. చాలా దూరం దొర్లిన దాని మీద గోటి గాట్లలాంటి చంద్రవంక మచ్చలుంటాయి, వేరే రాళ్లు కొట్టిన దెబ్బల ఆనవాళ్లు. టార్చి ఆనిస్తే వెలుగు రాయంతా పాకుతుంది, పట్టీలు బయటపడతాయి. జాస్పర్ వెలుగును పోనివ్వదు. పాలపలుగు లోపల పగుళ్ల వల్ల వెలుగు ఆనించిన చోటే ఆగి మిణుకుతుంది. పాత సీసాల గాజుముక్క ఏట్లో దొర్లి మసకబారితే అచ్చం కాల్సెడొనీలా ఉంటుంది. లెన్సులో గుండ్రటి గాలిబుడగలు కనిపిస్తే అది గాజే. పలుగు ముక్కతో గీస్తే గాజు మీద గీత పడుతుంది, కాల్సెడొనీ మీద పడదు.

రాతిచెక్కకు మూడు వేషధారులున్నాయి. పొరల చెర్టు, రేకుల రాయి, ఇసుకరాతిలో తుప్పు నీరు ఊరి కట్టిన వలయాలు. చెక్క అయితే పక్క నుంచి నారలా నిలువు గీతలు, అడ్డకోత వైపు వలయాలు, మధ్య నుంచి బయటికి పోయే సన్న రేఖలు ఒకే ముక్కలో కలిసి ఉండాలి. అడ్డకోతను తడిపి లెన్సులో చూస్తే జల్లెడ కన్నాల్లా కణాల వరసలు కనిపిస్తాయి. తుప్పు వలయాల్లో కణాలుండవు, ఇసుక రేణువులే ఉంటాయి. పైగా ఆ వలయాలు రాతి పొరలను దాటుకుంటూ అడ్డంగా పోతాయి.

నాపరాళ్ల పొరల మధ్య కనిపించే నల్లటి ఫెర్న్ ఆకులను శిలాజాలనుకోని ఇల్లు లేదు. పగుళ్లలోకి ఊరిన మాంగనీసు నీరు కొమ్మలు కొమ్మలుగా వ్యాపించి ఆరిన గుర్తులు అవి. ఆకుకు నడిమి ఈనె ఉంటుంది. వీటికి ఉండదు. కొమ్మలన్నీ పగులు అంచు నుంచే బయల్దేరతాయి. గోండ్వానా పొరల్లో దొరికే గ్లోసోప్టెరిస్ ఆకు నాలుక ఆకారంలో, బలమైన నడిమి ఈనె, దాని నుంచి వల అల్లినట్టు పక్క ఈనెలతో ఉంటుంది. అది మెత్తని బొగ్గురాతి మీది అచ్చు, ఏటి గులకల్లో నిలవదు.

బరువుగా, నల్లగా, బుడగల తొర్రలతో ఉండి అయస్కాంతానికి అంటుకునే ముద్దను ఉల్క అనుకుంటారు. ఉత్తర తెలంగాణ వాగుల్లో అది దాదాపు ఎప్పుడూ ఇనుప చిట్టెమే. నిజామాబాదు వైపు కోనసముద్రం ఉక్కుకు పేరు మోసిన ఊరు, ఆ ప్రాంతంలో శతాబ్దాల పాటు ఇనుము కరిగించారు. ఉల్కలో బుడగలు చాలా అరుదు. చిట్టెం నిండా బుడగలే. అది రాయి కాకపోయినా ఊరి చరిత్రకు సాక్ష్యమే కాబట్టి దొరికిన చోటు రాసిపెట్టుకోవడం మంచిది.

ఎముకల విషయంలో అందరూ ముందు పడే పొరపాటు సున్నపు కంకర. రేగడి గట్టుల్లో మొక్కల వేళ్ల చుట్టూ సున్నం పేరుకుని చేతివేళ్లలా, కీళ్లలా కట్టిన గట్టి ముద్దలు ఏట్లోకి రాలతాయి. కొంచెం గీకి ఆ పొడి మీద నిమ్మరసం పిండితే బుసబుసమంటుంది. లెన్సులో ఎముక లోపలి స్పంజి గూడు కనిపించదు. తర్వాతి పొరపాటు నిన్నమొన్నటి పశువుల ఎముక. ఎర్రగా కాల్చిన సూది మొన ఆనిస్తే కొత్త ఎముక నుంచి వెంట్రుక కాలిన వాసన వస్తుంది, అందులో ఇంకా మాంసకృత్తు ఉంది కాబట్టి. రాతిగా మారిన ఎముక వాసన ఇవ్వదు, బరువుగా ఉండి గాజులా టంగుమంటుంది.

ఈ సూది పరీక్ష ఒకచోట పూర్తిగా తప్పు చెబుతుంది. బాసర, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం, రాజమహేంద్రవరం రేవుల్లో తరతరాలుగా అస్థికలు కలుపుతున్నారు. చితిలో కాలిన ఎముకలో మాంసకృత్తు మిగలదు. సూదికి వాసన రాదు, తెలియనివాళ్లు శిలాజమనుకుంటారు. కాలిన ఎముక తేలిగ్గా, సున్నపు తెలుపులో లేదా బూడిద రంగులో, వంపు తిరిగిన సన్న పగుళ్లతో ఉంటుంది. రేవుల దరిదాపుల్లో ఎముక ముక్కలను అసలు తాకకపోవడమే మర్యాద. అవి ఎవరి ఇంటి పెద్దలవో.

నిజమైన పాత ఎముకలు, పళ్లు ఇప్పటి మేటలోవి కావు. నది ఒడ్డున పది పదిహేను మీటర్ల ఎత్తున, సున్నంతో అతుక్కుని గోడలా నిలిచిన పాత గులక పొరలున్నాయి. ప్లీస్టోసీన్ అనే మంచుయుగాల కాలపు ఏనుగులు, అడవి పశువుల శిలాజాలు గోదావరి, మంజీరా లోయల్లో ఎగువన ఇలాంటి పొరల నుంచే వచ్చాయి. నర్మదా ఒడ్డున హత్నోరాలో 1982లో అరుణ్ సోనాకియాకు దొరికిన ఆదిమానవుడి పుర్రె కూడా గట్టిపడిన గులక పొరలోదే. నది ఆ గట్టును కోస్తున్న చోట, గోడ కింద రాలిన గుట్టలోనే వెతకాలి. గోడలో ఇంకా ఇరుక్కున్న దాన్ని పీకితే దానికి విలువ పోతుంది, ఏ పొరలో ఉందన్నదే దాని వయసు చెప్పే ఆధారం.

అవే పొరల్లో రాతి పనిముట్లూ ఉంటాయి. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ మద్రాసు దగ్గర పల్లావరంలో గుర్తించిన మొదటి చేతిగొడ్డలి కూడా గులక నేలలోదే. ఆ తర్వాత ఆయన కడప, కర్నూలు నేలల్లోనూ ఎన్నో పనిముట్లు గుర్తించాడు. అగేట్ ఏరేవాళ్లు తెలియకుండా జేబులో వేసుకునేవి చిన్న పనిముట్లు: 1 నుంచి 3 సెంటీమీటర్ల సన్న బద్దలు, రెండు అంచులూ సమాంతరంగా, వీపు మీద నిలువు గట్టు, కడుపు వైపు నున్నగా, ఒక కొసన చిన్న ఉబ్బుతో ఉంటాయి. ఏటి దెబ్బలకు రాయి అడ్డదిడ్డంగా చిట్లుతుంది. మనిషి కొట్టింది ఒక దిక్కున వరుసగా చిట్లుతుంది.

తీసుకోవచ్చా, ఎలా రాయాలి

పనిముట్లు, నూరేళ్లు పైబడిన మనిషి చేతి వస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిని ఉన్నచోటే ఉంచి, ఫొటో తీసి, రాష్ట్ర పురావస్తు శాఖకు తెలపాలి. అభయారణ్యాల్లో, జాతీయ పార్కుల్లో మామూలు రాయి కూడా ఏరకూడదు. అటవీ చట్టంలో అటవీ ఉత్పత్తి అనే మాటకు నిర్వచనంలోనే రాయి, మట్టి, ఖనిజం ఉన్నాయి. ప్రాణహిత అభయారణ్యం, ఏటూరునాగారం, పాపికొండలు ఈ కోవలోవే, మంచి మేటలు చాలావరకు వీటి పక్కనే ఉండటం వల్ల సరిహద్దు ముందే చూసుకోవాలి. మిగతా చోట్ల చేత్తో ఏరడం వేరు, పారతో తవ్వడం వేరు. ఇసుక, గులక చిన్నతరహా ఖనిజాలు, తవ్వకానికి అనుమతి కావాలి.

ప్రాణాల మీదికి తెచ్చేవి రెండు. ఎగువ బ్యారేజీ గేట్లు ఎత్తితే ఎండగా ఉన్న రోజునే పాయ నిండుతుంది. మేట మీదికి పాయ దాటి వెళ్లేటప్పుడు నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, పావుగంటకోసారి చూసుకోవాలి. పుల్ల మునగడం మొదలైతే రాళ్లన్నీ వదిలేసి ఒడ్డెక్కాలి. రెండోది ఇసుక తవ్విన గుంతలు. పైకి మోకాలి లోతుగా కనిపించే నిశ్చలమైన నీటిలో అంచు తెగినట్టు లోతు పడుతుంది. కర్రతో ముందు తడుముకోకుండా అడుగు వేయకూడదు. జల్లెడ కోసం తీసే గొయ్యి మోకాలి లోతు దాటితే తడి గులక పక్కలు కూలతాయి. వెళ్లేటప్పుడు గొయ్యి పూడ్చేయాలి, సాయంత్రం పశువులు ఆ దారినే నీళ్లకు దిగుతాయి.

తడి గులకలోంచి తీసిన శిలాజ ఎముకను ఎండలో పెడితే సాయంత్రానికి నెర్రెలిస్తుంది. న్యూస్‌పేపరులో చుట్టి నీడన వారం రోజులు మెల్లగా ఆరనివ్వాలి. ఫెవికాల్, వార్నిష్ పూయకూడదు. తర్వాత తీయడం కష్టం, లోపల తడిని బిగించేస్తాయి. రాతిచెక్కకు, అగేట్‌కు నీళ్లు, పాత టూత్‌బ్రష్ చాలు.

ప్రతి రాయికీ ఇంటికొచ్చాక కాకుండా మేట మీదే నంబరు వేయాలి. పర్మనెంట్ మార్కరుతో నంబరు, అదే నంబరు కింద పుస్తకంలో తేదీ, ఫోను చూపే అక్షాంశ రేఖాంశాలు, ఏ గట్టు, మేట తలా తోకా, పైన పడి ఉందా పొరలో ఉందా అన్నవి రాయాలి. గట్టు రాయడంలో తికమక వద్దు: ప్రవాహం పోయే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే ఎడమచేతి వైపుది ఎడమ గట్టు. రాతిచెక్క ముక్క ఒకటి నంబరుతో, చోటుతో భూగర్భశాస్త్ర విభాగానికి అందితే ఎగువన ఏ పొర నుంచి వచ్చిందో వాళ్లు వెనక్కి వెతుక్కుంటూ పోగలరు. చోటు లేని ముక్కతో వాళ్లకు తెలిసేది అది చెక్క అని మాత్రమే.